పాత సున్నపు గోడకు సిమెంటు పూయకండి: సున్నంతోనే బాగుచేసుకునే పద్ధతి

పాత ఇంటికి రిపేరు అనగానే మేస్త్రీ వచ్చి గోడ మీద రెండుసార్లు తట్టి, రాలుతున్న పూతను గోటితో గీకి, ఇదంతా చెక్కేసి సిమెంటు కొట్టేద్దాం సార్, ఇక చూసుకోనక్కర్లేదు అంటాడు. ఒప్పుకోకండి. తాతల నాటి మండువా లోగిలి అయినా, ఊళ్ళో గడీ అయినా, చెరువు గట్టు మీది మండపం అయినా, సున్నంతో కట్టిన దేనికైనా ఇదే మాట చెప్తాను. సున్నపు కట్టడానికి సున్నమే వైద్యం.

ఎందుకంటే సున్నపు గోడలో చెమ్మ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. వానాకాలంలో నేలలోంచి పైకి లాగుతుంది, ఎండలు రాగానే గోడ మొహం మీంచి ఆవిరైపోతుంది. దాని మీద సిమెంటు పూశారనుకోండి, చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. అడుగున రెండడుగుల దాకా ఉన్న తేమ నాలుగడుగులకు ఎక్కుతుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు ఆ సిమెంటు వెనకాల పేరుకుని, గట్టిపడి, ఇటుకను లోపల్నుంచి పొడి చేస్తుంది. బయటికి గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది. కొన్నేళ్ళకు ఒక పెచ్చు ఊడి పడ్డప్పుడు చూస్తే దాని వీపుకు అంగుళం మందాన ఇటుక కూడా అంటుకుని వచ్చేస్తుంది. ఆ పోయిన ఇటుకను ఎవరూ తిరిగి తేలేరు.

ఇంకో సంగతి, సిమెంటు పాత ఇటుక కంటే గట్టిది. పునాది కాస్త సర్దుకున్నా, ఎండకు గోడ కాస్త సాగినా, ఆ కదలికను ఇటుకల మధ్య ఉండే మెత్తటి సున్నం సహించుకుంటుంది. ఆ సందుల్లో సిమెంటు ఉంటే పగిలేది ఇటుకే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చిందే 1824లో. 1591 నాటి చార్మినార్ లాంటివి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే రాయీ సున్నంతో లేచి, ఇంకా నిలబడి ఉన్నాయి. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్టు వాళ్ళు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి చేసిన పనిలో పెద్ద భాగం ఏమిటంటే, ఇరవయ్యో శతాబ్దంలో రిపేర్ల పేరుతో పూసిన సిమెంటును ఓపిగ్గా తీసేసి మళ్ళీ సున్నం పూయడం. అక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు కూడా వచ్చింది. వీలైతే ఈ రెండూ చూసి రండి, మీ మేస్త్రీని కూడా వెంట తీసుకెళ్ళండి. మనం గంటసేపు చెప్పినా ఎక్కని మాట, అక్కడ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే ఎక్కుతుంది.

తాపీ పట్టకముందు నీళ్ళ సంగతి తేల్చండి

గోడ రాలుతోందంటే ఎక్కడినుంచో నీళ్ళు వస్తున్నట్టే. ఆ కారణం పట్టుకోకుండా ఎంత మంచి సున్నం పూసినా దండగ. ఒక మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, మిద్దె మీద నీళ్ళు పోయే తూము పూడిపోయిందా, పగిలిన పెంకులోంచి దూలం తలమీదికి కారుతోందా, గోడకు ఆనించి కట్టిన కొత్త బాత్రూం పైపు లీకవుతోందా, అన్నీ చూడండి.

మన ఊళ్ళలో ఈమధ్య ఎక్కువగా కనిపించే కారణం సిమెంటు రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర, దాని మీద ఇంకోటి వేసుకుంటూ పోవడంతో వీధి మట్టం అరుగు దాకా వచ్చేసింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్ళాల్సి వస్తోంది. వాన నీళ్ళన్నీ గోడ మొదట్లోనే నిలుస్తాయి. ఇలాంటి చోట గోడ వెంబడి అడుగు వెడల్పున తవ్వి, కంకర నింపి, నీళ్ళు దూరంగా పోయేలా వాలు పెట్టి చిన్న కాలవ తీయించడం మొట్టమొదటి పని. లోపల నాపరాళ్ళు తీసేసి టైల్స్ వేయించుకున్న ఇళ్ళలో కూడా ఇదే కష్టం వస్తుంది, నేల చెమ్మకు వేరే దారి లేక గోడ పట్టుకుంటుంది.

గోడలో రావి మొక్క మొలిచి ఉంటే పట్టి లాగకండి, వేరుతో పాటు రాళ్ళు కదిలిపోతాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేదాకా చిగురు వచ్చినప్పుడల్లా తుంచి, ఆ తర్వాత అక్కడి కట్టుబడి కాస్త విప్పి, వేరు తీసి, మళ్ళీ సున్నంతో కట్టాలి. పగుళ్ళు ఉంటే వెంటనే పూడ్చకుండా రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గీత దాటకపోతే అది పాత పగులు, పూడ్చుకోవచ్చు. పెరుగుతోందంటే మాత్రం పాత కట్టడాల మీద పనిచేసిన ఇంజినీరును పిలవాల్సిందే, అది మేస్త్రీ ఊహించి చేసే పని కాదు.

పాత సున్నం ఏం చెబుతుందో చూడండి

గోడలో మారుమూల చోటినుంచి పిడికెడంత పాత పూత తీయండి. నలిపి, గాజు గ్లాసులో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. బుసబుసమని నురుగు వస్తుంది, అది సున్నం కరగడం. నురుగు ఆగాక ఆ వెనిగర్ వంచేసి కొత్తది పోయండి, ఇంక నురగ రానంతవరకూ. ఒకటి రెండు రోజులు పడుతుంది. చివరికి అడుగున మిగిలింది కడిగి, తెల్ల కాగితం మీద ఆరబెట్టి చూడండి. గరుకు ఇసుక ఎంత, సన్న ఇసుక ఎంత, ఇటుక పొడి తాలూకు ఎర్రటి నలుసులు ఉన్నాయా, ఊక ముక్కలో నార పీచులో ఉన్నాయా, అన్నీ కంటికి కనిపిస్తాయి. మీ ఇల్లు కట్టిన వాళ్ళు ఏ ఇసుక వాడారో తెలిసిపోతుంది, అది చాలావరకు ఊరి పక్క వాగుదే అయి ఉంటుంది. మీరు కలపబోయేది దానికి దగ్గరగా ఉండాలి. గోడలో పైభాగంలో ఒక రకం, అడుగున ఒక రకం పూత ఉండటం మామూలే కాబట్టి రెండు మూడు చోట్ల తీసి చూడటం మేలు.

సున్నం ముద్ద తయారీ

రాయి సున్నం కావాలి, అంటే బట్టీలో కాల్చిన గడ్డలు. పల్నాటి పిడుగురాళ్ళ దీనికి పేరున్న ఊరు, చుట్టూ సున్నపు బట్టీలే. గడ్డ తేలిగ్గా ఉండాలి, తాజాగా ఉండాలి. ఒక గడ్డ నీళ్ళలో వేసి చూడండి: కాసేపటికే సుయ్‌మని, పగుళ్ళిచ్చి, పొగలు కక్కుతూ విచ్చుకుంటే మంచిది. ఉలుకూ పలుకూ లేకపోతే గాలికి చచ్చిన సున్నం, తిప్పి పంపేయండి. సంచుల్లో దొరికే పొడి సున్నం ఎన్నాళ్ళనుంచి గోడౌనులో ఉందో తెలియదు, వెల్లకు సరే గానీ కట్టుబడికి నేను నమ్మను.

సిమెంటు తొట్టిలో గానీ ఇనుప డ్రమ్ములో గానీ ముందు నీళ్ళు పోసి, అందులో గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు గుమ్మరిస్తే చిమ్ముతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము వద్దు, ఆ వేడికి కరిగిపోతుంది. నీళ్ళు తెర్లుతాయి, సున్నం రెండింతలకు పైగా పొంగుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు గ్లవుజులు, బూట్లు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, పిల్లల్నయితే ఆ దొడ్లోకే రానివ్వకండి. కంట్లో పడితే పావుగంటకు పైగా మంచినీళ్ళతో కడుగుతూనే ఉండి, ఆపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, సున్నం కంటిచూపే తీసేస్తుంది. పాత మేస్త్రీలకు అలవాటైన పనే కదా అని ఈ విషయంలో మొహమాట పడొద్దు.

ఉడికింది చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, ఉడకని గులకలు తీసేసి, మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలిచేలా ఊరబెట్టాలి. మూడు వారాలు కనీసం. మూడు నెలలు ఊరితే ఇంకా మంచిది. తొందరపడి వాడితే లోపల ఉడకకుండా మిగిలిన గింజలు పూత అయ్యాక గోడ మీద ఉబ్బి, చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకే పని మొదలుపెట్టే నెలకు చాలా ముందే సున్నం తెచ్చి ఊరేయండి.

గానుగ, సుర్ఖీ, కరక్కాయ నీళ్ళు

గుండ్రటి రాతి కాలవలో రాతి చక్రాన్ని ఎద్దుతో తిప్పించి నూరిన సున్నాన్ని గానుగ సున్నం అంటాం, కొన్నిచోట్ల డంగు సున్నం అంటారు. ఇప్పుడు ఎద్దు బదులు మోటారు పెట్టిన గానుగలు వచ్చాయి, ఫరవాలేదు. కాంక్రీటు మిక్సర్లో తిప్పి సరిపెట్టుకోవడం మాత్రం వేరు. మిక్సర్ కలుపుతుంది, గానుగ నూరుతుంది. నూరినప్పుడే ప్రతి ఇసుక రేణువుకూ సున్నం పడుతుంది, తక్కువ నీళ్ళతోనే ముద్ద జిగురుగా వస్తుంది, నీళ్ళు తక్కువైతే ఆరేటప్పుడు పగుళ్ళు తక్కువ.

పాళ్ళు అందరూ అడుగుతారు. మామూలు కట్టుబడికి ఒక వంతు సున్నం ముద్ద, ఒక వంతు సుర్ఖీ, రెండు వంతుల ఇసుకతో మొదలుపెట్టి, మీ పాత పూత చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి. సుర్ఖీ అంటే ఇటుక పొడి. తడి తగిలే చోట, గాలి సరిగా అందని మందపాటి గోడల్లో సున్నం గట్టిపడటానికి సాయపడేది అదే. నల్లగా మాడిన ఇటుక పనికిరాదు, నారింజ రంగులో మెత్తగా కాలిన ఇటుకను దంచి జల్లించాలి. ఇసుక వాగుదై ఉండాలి, అరచేతిలో రుద్దితే గరగరలాడాలి. గ్లాసు నీళ్ళలో కలిపి వదిలేస్తే పైన మట్టి పొర మందంగా తేరితే కడిగి వాడండి. సముద్రపు ఇసుక జోలికి పోవద్దు, ఉప్పును మన చేత్తో గోడలోకి ఎక్కించినట్టవుతుంది.

కరక్కాయల్ని చితక్కొట్టి బెల్లంతో కలిపి నీళ్ళలో నాలుగైదు రోజులు నానేస్తారు. వగరు వాసన వచ్చి నురగ తేలాక వడకట్టి ఆ నీళ్ళతో సున్నం కలుపుతారు. కరక్కాయలోని వగరు, బెల్లంలోని తీపి కలిసి సున్నాన్ని నున్నగా పారేలా చేస్తాయి, గబుక్కున ఆరిపోకుండా ఆపుతాయి. అయితే తీపి ఎక్కువైతే గట్టిపడటం మరీ ఆలస్యమవుతుంది. కొంతమంది వీటిలో ఏదో మహత్తు ఉన్నట్టు గుడ్డుసొన, మినప్పిండి, గుగ్గిలం అన్నీ ఒకేదాంట్లో వేయమంటారు. అలా కాదు. గుడ్డుసొన పైపైన మెరిసే సన్న పూతకు వాడేది, వెనక గోడ కట్టుబడికి అక్కర్లేదు. సున్నం సరిగా ఊరి, సరిగా నలిగితే సగం పని అయిపోయినట్టే, ఊరని సున్నాన్ని ఏ కషాయమూ కాపాడదు.

గోడ మీద పని

సిమెంటు పూత తీసేటప్పుడు బ్రేకర్ మిషన్లు వద్దు. చిన్న ఉలి, చిన్న సుత్తి, పక్కనుంచి మెల్లగా లేపాలి. గట్టిగా అంటుకుని రానంటే ఆ ముక్క వరకు వదిలేయండి, పాత ఇటుకను పగలగొట్టి మరీ సిమెంటు తీయడంలో అర్థం లేదు. శిల్పాలున్న రాయి మీద ఇసుక చిమ్మే మిషన్లు అసలు వాడనివ్వకండి, ఉలి చివరి గీతలన్నీ అరిగిపోతాయి. గోడ మీద తెల్లగా పొంగిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, రాలిన పొడిని ఎత్తి దూరంగా పారేయండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఉప్పు బాగా ఎక్కిన గోడకు ముందు ఒక పలచటి సున్నపు పూత వేసి, అది ఉప్పును లాక్కుని రాలిపోయాక, దాన్ని తీసేసి అసలు పూత వేసుకోవడం మంచి పద్ధతి.

సందుల్లో వదులుగా ఉన్న పాత సున్నాన్ని అంగుళం లోతు దాకా గీకండి. ముందురోజు సాయంత్రం గోడంతా తడిపి, పొద్దున్నే ఇంకోసారి తడపండి. గోడ తడిగా ఉండాలి గానీ మీద నీళ్ళు మెరవకూడదు. పొడి గోడ సున్నంలోని నీళ్ళన్నీ తాగేస్తే ఆ పూత మర్నాడే పిండిలా రాలుతుంది. ఒక్కో పొర అర అంగుళానికి మించొద్దు. వేసిన పొర కాస్త బిగిశాక గీతలు పెట్టి, రెండో పొరకు ముందు కొన్నాళ్ళు ఆగండి. బిగుస్తున్నప్పుడు సన్న పగుళ్ళు వస్తే చెక్క తాపీతో నొక్కి రుద్దితే మూసుకుంటాయి. తడి గోనెపట్టాలు కట్టి వారం పది రోజులు ఎండ తగలనీయకుండా ఉంచాలి. సున్నం గాలి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది, దానికి తేమా కావాలి, గాలీ కావాలి, నెలల తరబడి టైమూ కావాలి. మనకు కార్తీకం నుంచి మాఘం దాకా ఈ పనికి తగిన రోజులు. మే నెల ఎండల్లో వద్దు, ముసురులో అసలే వద్దు.

ముందుగా ఎవరూ చూడని చోట రెండడుగుల చదరంలో నమూనా వేయించి కొన్ని వారాలు ఆగండి. తర్వాత దాని అంచు కొంచెం విరిచి, విరిగిన చోట పసుపు నీళ్ళు చిలకరించండి. ముదురు ఎరుపు తిరిగితే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టు, పసుపుగానే ఉంటే గట్టిపడినట్టు. లెక్క కచ్చితంగా రాదు గానీ, ఎంత లోతు మారిందో ఒక అంచనా వస్తుంది.

కప్పు, కలప, వెల్ల

పెంకుటింటికి ఏటా వానలకు ముందు పెంకులు దించి సర్దడం కంటే మించిన కాపలా లేదు. పగిలినవాటి బదులు కూల్చేసిన ఇళ్ళ పాత పెంకులే తెచ్చుకోండి, కొలత కలుస్తుంది. రాయలసీమ మట్టి మిద్దెల మీదయితే చౌడు మట్టి కొత్త పొర వేయాలి, దాని మీద కాంక్రీటు పోసి గోడల మీద బరువు పెంచకండి. దూలాలు, ఇటుకలు, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్‌కు కారుతున్న చోట ఇటుక ముక్కల సున్నపు పొర విప్పి, మళ్ళీ పరిచి, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టించాలి, కర్ర ఎగిరిపడేంత గట్టిపడేదాకా.

దూలం గోడలోకి దూరే చివర ముందు పుచ్చుతుంది. మొత్తం దూలం మార్చనక్కర్లేదు, పుచ్చిన మేర కోసి, అదే జాతి పాత కలపను ఏటవాలు అతుకుతో బిగించగల వడ్రంగి దొరికితే చాలు. ఆ చివర చుట్టూ గాలి ఆడేలా వేలెడు సందు వదలండి. తలుపులకు, స్తంభాలకు ఎనామిల్ పెయింటు బదులు అవిసె నూనె పట్టించండి.

గోడకు చివరగా వెల్ల. మజ్జిగంత పలచగా, అయిదారు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. కొంచెం తుమ్మజిగురు కలిపితే చేతికి అంటుకోదు. రంగు కావాలంటే జేగురు, పసుపు మట్టి లాంటి మట్టి రంగులు సున్నంలో నిలుస్తాయి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత కష్టపడి తెరిచిన దారి మళ్ళీ మూసేసినట్టే.

మనుషులు, అనుమతులు

సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళ దగ్గర ఇద్దరు కుర్ర మేస్త్రీలను పెట్టి, ఆ కుర్రాళ్ళకూ పూర్తి కూలీ ఇవ్వండి. ఆ పెద్దాయన చేతిలోని పని ఇంకో తరానికి అందాలంటే ఇంతకంటే దారి లేదు, అందుకయ్యే ఖర్చుకు వెనకాడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పనిని గుత్తకు ఇవ్వకండి. చదరపు అడుగు లెక్కన తీసుకున్నవాడికి ఆగడమంటే నష్టం, సున్నం పనిలో సగం ఆగడమే. రోజు కూలీ లెక్కన పెట్టుకుని, సున్నం ఆరే రోజుల్లో కలప పనో పెంకుల పనో చూపించండి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల మీ ఇల్లుంటే రిపేరుకు కూడా ముందు అనుమతి కావాలి, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా కూడా నియమాలు ఉన్నాయి. రక్షిత కట్టడాన్ని అయితే మనంతట మనం ముట్టుకోకూడదు. గుడి పని అయితే దేవాదాయ శాఖ వాళ్ళను రాతపూర్వకంగా అడగండి. ఏదైనా సరే, మొదలుపెట్టే ముందు ప్రతి గోడనూ ఫోటో తీసి, ఏ గోడకు ఏ పాళ్ళు వాడారో, సున్నం ఎక్కడిదో ఒక పుస్తకంలో రాసి ఆ ఇంట్లోనే ఉంచండి, మీ తర్వాత రిపేరు చేసేవాళ్ళకు వెనిగర్ గ్లాసు అవసరం లేకుండా పోతుంది.

మిగిలిన సున్నం ముద్దను పారేయకండి. మూతున్న డ్రమ్ములో, మీద నీళ్ళు ఇంకిపోకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి చెడదు. వానలు వెళ్ళాక ఏటా ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి, పెచ్చు లేచిన చోట గీకి, తడిపి, అందులోంచే తీసి ఇసుక, సుర్ఖీ కలిపి పూసేయండి, పూట పని.